ఇంటి వెదర్ స్టేషన్: కొనాలా, మీరే చేసుకోవాలా?

"కొనేద్దామా, చేసుకుందామా?" ఇంటి దగ్గరే ఎండ వేడి, వాన, గాలి కొలిచే వెదర్ స్టేషన్ మాట ఎత్తగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇది. అడిగేసరికే కొందరు సెన్సర్ల చిట్టా రాసి పెట్టుకుంటారు. కొందరు రెడీమేడ్ సెట్టు ఒకటి ఎంచుకుని డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉంటారు. వాళ్లకి నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: రెండో వానాకాలంలో అది ఆగిపోతే నిచ్చెన ఎక్కేది ఎవరు?

దానికి జవాబు దొరికితే సగం తేలిపోయినట్టే. నేను ఒకటి చేసుకున్నాను, ఒకటి కొన్నాను, ఇప్పుడు రెండూ కలిపి వాడుతున్నాను. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. ఉష్ణోగ్రత, తేమ, వాయుపీడనం మాత్రమే కావాలంటే చేసుకోండి. జాగ్రత్తగా చేసినది కొన్నదానికి తీసిపోదు. వాన, గాలి కూడా కావాలంటే కనీసం ఆ రెండు భాగాలైనా కొనండి. మీ సంగతి వేరు కావచ్చు కాబట్టి కింద చెప్పిన వరుసలో వెళ్లి మీరే తేల్చుకోండి. మొత్తం మూడు వారాలు పడుతుంది.

కావలసినవి

- నోటుబుక్కు, కొలిచే టేపు
- మామూలు థర్మామీటర్ ఒకటి, వీలైతే రెండు
- పొడవాటి కర్ర, దాని చివర కట్టడానికి పలచటి రిబ్బన్
- దిక్సూచి, ఫోన్‌లోదైనా చాలు
- మి.లీ. గీతలున్న కొలత గ్లాసు
- 4వ మెట్టు కోసం ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్), ఎస్‌హెచ్‌టీ31 లేదా బీఎంఈ280 సెన్సర్ (రెండూ ఉష్ణోగ్రత, తేమ కొలుస్తాయి), బ్రెడ్‌బోర్డు (అంటించకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), నాలుగు వైర్లు, యూఎస్‌బీ కేబుల్

అప్పటిదాకా ఇంకేమీ కొనకండి.

1. దేనికోసమో ఒక్క వాక్యంలో రాయండి

"వాతావరణం అంటే ఇష్టం" అని రాస్తే లాభం లేదు. ఆ అంకె చూసి మీరు ఏం చేస్తారో రాయాలి. మొక్కలకు నీళ్లు పెట్టాలా వద్దా అని చూసుకోవడానికైతే మీకు ముఖ్యం వాన లెక్క, గాలి దిశ కాదు. ఏళ్ల తరబడి రికార్డు నిలిపి ఇతరులతో పంచుకోవాలంటే ఆగకుండా నడిచే యంత్రం కావాలి. అది కొనేవైపు మొగ్గు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా చేసుకోండి, పాడైతే అదీ పాఠమే.

రాశాక, ఆ వాక్యానికి అక్కర్లేని కొలతలన్నీ కొట్టేయండి. యూవీ, పిడుగులు, గాలిలో ధూళి అంటూ చిట్టా పెరిగిపోయేది ఇక్కడే. ప్రతి అదనపు సెన్సర్‌కీ ఒక వైరు, ఒక రంధ్రం, నీళ్లు దూరడానికి ఒక దారి ఉంటాయి.

2. ముందు చోటు చూడండి

ఎంత మంచి యంత్రమైనా తప్పు చోట పెడితే తప్పే చెబుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ సూచనలు ఇవి: ఉష్ణోగ్రత, తేమ నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలవాలి. గాలిని 10 మీటర్ల ఎత్తులో, చుట్టుపక్కల అడ్డంకులకు వాటి ఎత్తుకి కనీసం 10 రెట్ల దూరంలో కొలవాలి. వాన కొలిచే రెయిన్ గేజ్‌కి దగ్గర్లోని గోడ, చెట్టు దాని అంచుకన్నా ఎంత ఎత్తు ఉంటే, కనీసం అంతకి రెండింతల దూరం ఉండాలి.

ఇళ్ల మధ్య ఇవన్నీ కుదరవని నాకూ తెలుసు. అయినా టేపు పట్టుకుని కొలవండి, ఎంత లోటు ఉందో రాసుకోండి. తర్వాత రెండు చిన్న పరీక్షలు చేయండి.

మొదటిది థర్మామీటర్ పరీక్ష. మీరు అనుకున్న చోట నీడపట్టున థర్మామీటర్ వేలాడదీసి, ఎండగా ఉన్న మూడు రోజులు మధ్యాహ్నం 2 గంటలకి, రాత్రి 8 గంటలకి చూడండి. అదే సమయంలో గోడలకు దూరంగా ఇంకో నీడలో కూడా చూడండి. రాత్రిపూట మీ చోటు ప్రతిసారీ ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే, పగలు వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిని వదులుతోందన్నమాట. చోటు మార్చండి. ఏసీ బయటి యూనిట్, సిమెంటు నేల, రేకుల కప్పు దగ్గర ఉన్నా ఇదే కథ.

రెండోది రిబ్బన్ పరీక్ష. కర్ర చివర రిబ్బన్ కట్టి గాలి ఉన్నప్పుడు పైకెత్తి పట్టుకోండి. రిబ్బన్ ఒక వైపుకి సాగి ఎగిరితే మంచిదే. సుడులు తిరుగుతూ అటూ ఇటూ కొట్టుకుంటుంటే అక్కడ గాలి వేగం, దిశ కొలవడం దండగ. అప్పుడు గాలిని చిట్టాలోంచి తీసేయండి. దాంతోపాటు మీ నిర్ణయం కూడా తేలికైపోతుంది, ఎందుకో 3వ మెట్టులో చూస్తారు.

హెచ్చరిక: కర్ర ఎత్తేటప్పుడు, తర్వాత స్తంభం నిలబెట్టేటప్పుడు, పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. స్తంభం పడిపోతే ఎటు పడినా తీగకు తగలనంత దూరం ఉండాలి. మబ్బు పట్టి ఉరుముతున్నప్పుడు నిచ్చెన జోలికి పోవద్దు.

3. ఏ కొలత ఎంత కష్టమో తెలుసుకోండి

ఉష్ణోగ్రత, తేమ. ఇక్కడ సెన్సర్ చవకైన విషయం, దాని గొడుగు అసలు విషయం. ఎస్‌హెచ్‌టీ31 సాధారణంగా 0.2 డిగ్రీల తేడాలో, తేమ 2 శాతం తేడాలో చెబుతుంది. రెడీమేడ్ సెట్లలో చాలావాటికి ఇది సరిజోడు. కానీ ఎండ నేరుగా తగిలితే ఆ 0.2 డిగ్రీలకి అర్థమే లేదు, తప్పు ఏకంగా డిగ్రీల్లోకి పోతుంది. తెల్లటి పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, గాలి ఆడుతూ, ఎండా వానా తగలకుండా ఉండే గూడు కావాలి. 19వ శతాబ్దంలో లైట్‌హౌస్ ఇంజినీర్ థామస్ స్టీవెన్సన్ రూపొందించిన చెక్కపెట్టె చేసిన పని కూడా ఇదే. తెల్లటి ప్లాస్టిక్ ప్లేట్లు బోర్లించి మధ్యలో ఖాళీ వదులుతూ మీరే చేసుకోవచ్చు, లేదా గూడు ఒక్కటీ విడిగా కొనుక్కోవచ్చు.

డీహెచ్‌టీ11 అనే చవక సెన్సర్ మాత్రం వద్దు. అది 2 డిగ్రీల తేడాతో చెబుతుంది, సున్నా కింద అసలు కొలవదు. బొమ్మల ప్రాజెక్టుకి పనికొస్తుంది.

వాయుపీడనం. అన్నిటికన్నా సులువు. గొడుగు అక్కర్లేదు, చోటు పట్టింపు లేదు, ఇంట్లో గోడకి పెట్టినా సరే. ఎత్తు లెక్క ఒక్కటే గుర్తుంచుకోవాలి. సముద్రమట్టం దగ్గరి ఎత్తుల్లో ప్రతి 8 మీటర్లకీ పీడనం సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. అందుకే వార్తల్లో చెప్పే అంకె, సెన్సర్ చూపించే అంకె ఒకటి కావు. కొత్తగా చేసుకున్నవాళ్లకి మొదటి టెన్షన్ ఇదే: "నా సెన్సర్ 950 చూపిస్తోంది, పాడైందా?" పాడవలేదు, మీరు ఎత్తులో ఉన్నారు.

వాన. ఇక్కడి నుంచి యంత్రంలో కదిలే భాగాలు మొదలవుతాయి. టిప్పింగ్ బకెట్ అనే రకంలో గరాటు కింద తూగుడుబల్లలా రెండు బుల్లి దోనెలు ఉంటాయి. ఒకటి నిండగానే వాలిపోతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. వాలిన ప్రతిసారీ దోనెకున్న అయస్కాంతం రీడ్ స్విచ్‌ని (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే స్విచ్) ఒకసారి మూస్తుంది, బోర్డు దాన్ని లెక్కపెడుతుంది. సర్క్యూట్ చిన్నపిల్లలు కూడా కట్టగలరు. దోనె మాత్రం ప్రతిసారీ సరిగ్గా అంతే నీటికి వాలాలి, సమతలంగా ఉండాలి, ఏళ్ల తరబడి జిగురు పట్టకుండా తిరగాలి. నేను చేత్తో చేసిన దోనె ఎడమవైపుకి ఒక లెక్క, కుడివైపుకి ఒక లెక్క చెప్పేది. నెల రోజులు సాన పట్టి, చివరికి ఆ భాగం కొన్నాను.

గాలి. నిజమైన తలనొప్పి ఇదే. కప్పులు తిరిగే రకానికి మంచి బేరింగు కావాలి, కప్పుల తూకం సరిగ్గా ఉండాలి. ఆపైన ఒక చుట్టుకి ఎంత వేగమో తెలియాలి. ఆ లెక్క ఇంట్లో తేల్చడం చాలా కష్టం. ఎక్కువగా దొరికే విడిభాగాల కిట్‌లో స్విచ్ సెకనుకి ఒకసారి మూసుకుంటే గాలి గంటకి 2.4 కి.మీ. అని తయారీదారులే ఇచ్చేస్తారు, అదే కిట్ రెయిన్ గేజ్‌లో ఒక వాలు అంటే 0.2794 మి.మీ. ఆ ఒక్క కాగితం కోసమైనా కిట్ కొనడం మేలు.

ఇంకో చిక్కు బ్యాటరీది. ఉష్ణోగ్రత కోసమైతే బోర్డు పది నిమిషాలకొకసారి లేచి, చూసి, పంపి, పడుకుంటుంది. గాలి విసురు పట్టాలంటే నిద్రపోవడానికి లేదు. కరెంటు వైరు లాగగలరా లేదా అన్నది ఇక్కడే తేలాలి.

4. రెండు వారాల పరీక్ష

నిర్ణయం తీసుకోవడానికి నాకు తెలిసిన అతి మంచి పద్ధతి ఇది. బ్రెడ్‌బోర్డు మీద ఈఎస్‌పీ32కి ఒకే ఒక సెన్సర్ తగిలించండి. సోల్డరింగ్ అక్కర్లేదు, కాళ్లు అంటించి వచ్చే సెన్సర్ తీసుకోండి. ఈ బోర్డుల కోసం సిద్ధంగా దొరికే ఈఎస్‌పీహోమ్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే ప్రోగ్రాం రాయడం కూడా పెద్దగా ఉండదు. కిటికీ దగ్గర పెట్టి రెండు వారాలు ఆగకుండా నడిపించండి. ప్రతి 5 నిమిషాలకీ ఒక అంకె ఎక్కడో ఒకచోట నమోదవ్వాలి, ఫైలైనా సరే, ఇంటి కంప్యూటర్‌లోని డేటాబేస్ అయినా సరే.

ఇది సైన్సు పరీక్ష కాదు, మీ ఓపికకు పరీక్ష. నోటుబుక్కులో ఈ మూడూ రాసుకోండి: ఎన్నిసార్లు ఆగిపోయింది, మళ్లీ నడిపించడానికి ఎంతసేపు పట్టింది, ఆ సేపు మీకు ఎలా అనిపించింది. వైఫై పోయి రాత్రంతా లెక్కలు రాకపోతే, కారణం వెతుకుతూ కూర్చోవడం సరదాగా ఉందా, విసుగ్గా ఉందా? విసుగు అయితే కొనేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సరదా అయితే 7వ మెట్టుకి వెళ్లండి.

సెన్సర్ తేమ చూపించకపోతే కంగారు పడకండి. బీఎంఈ280 అని చెప్పి బీఎంపీ280 పంపేవాళ్లు ఉన్నారు. నాకూ ఒక అమ్మకందారు అలాగే అంటగట్టాడు. బీఎంపీకి తేమ కొలవడం రాదు. ప్రోగ్రాంలో చిప్ నంబరు చదవండి: హెక్సా అంకెల్లో (0x అని మొదలయ్యేవి) 60 వస్తే బీఎంఈ, 58 వస్తే బీఎంపీ. చూపుతో కూడా పట్టొచ్చు, బీఎంఈ రేకు చతురస్రంగా ఉంటుంది, బీఎంపీది కాస్త దీర్ఘచతురస్రం.

5. ఖర్చు నిజంగా లెక్కేయండి

చేసుకుంటే చవక అనేది అందరి నమ్మకం. బోర్డు, సెన్సర్ మాత్రమే కూడితే నిజమే. నీళ్లు దూరని పెట్టె, కేబుల్ గ్లాండ్లు (వైరు దూరే చోట నీళ్లు రాకుండా బిగించేవి), స్తంభం, బిగించే క్లాంపులు, గూడు, సోలార్ ప్యానెల్, బ్యాటరీ, ఒక్కో సెన్సర్‌కి ఒక స్పేర్, కాలిపోయే మొదటి బోర్డు, ఇవన్నీ కూడండి. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ లేకపోతే అవి కూడా. అయిదు కొలతలూ కావాలనుకుంటే మొత్తం మధ్యరకం రెడీమేడ్ సెట్టుకి దగ్గరగా వచ్చేస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. మీ సమయం ఇంకా కలపలేదు.

కొనేవాళ్ల లెక్కలోనూ దాగిన ఖర్చులు ఉంటాయి. కప్పుల సెట్టు, రెయిన్ గేజ్ విడిగా దొరుకుతాయా, లేక ఒకటి విరిగితే మొత్తం మార్చాలా? పాత రికార్డు చూడటానికి ఏటా చందా అడుగుతారా?

6. కొనాలని తేలితే

పెట్టె మీది బొమ్మకన్నా ఈ విషయాలు చూడండి.

అన్నీ ఒకే ముద్దలో ఉన్న రకమా, విడివిడిగా పెట్టే రకమా అన్నది మొదట. ఒకే ముద్ద బిగించడం తేలిక, కానీ గాలికి 10 మీటర్లు, ఉష్ణోగ్రతకి 2 మీటర్లు అన్న నియమంతో ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. డేవిస్ వాంటేజ్ ప్రో2 లాంటి వాటిలో గాలి భాగం విడదీసి పైన పెట్టొచ్చు, గాలి లెక్క 2.5 సెకన్లకొకసారి వస్తుంది. దాని గూట్లోకి గాలి లాగే ఫ్యాన్ ఉన్న రకం కూడా ఉంది.

కదిలే భాగాలు లేని రకాలు కూడా వచ్చాయి: శబ్ద తరంగాలతో గాలిని, చినుకు తాకిడితో వానను పడతాయి. నిర్వహణ తక్కువ. అయితే సన్నటి తుంపర పడుతున్నప్పుడు ఆ తాకిడి లెక్క తడబడుతుంది. మీ 1వ మెట్టు వాక్యంలో వాన ఉంటే నేను టిప్పింగ్ బకెట్‌కే ఓటు వేస్తాను.

లెక్కలు మీ చేతికి వస్తాయా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కంపెనీ సర్వర్‌కి మాత్రమే పంపే యంత్రం, ఆ సర్వర్ మూసేసిన రోజున గోడ గడియారంతో సమానం. ఇంటి నెట్‌వర్క్‌లోనే డేటా ఇచ్చే గేట్‌వే (సెన్సర్ల లెక్కలు అందుకునే లోపలి పెట్టె) ఉందా, వీవెక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలదా చూసుకోండి. ఎకోవిట్ కంపెనీ గేట్‌వేల్లో మీ సొంత సర్వర్‌కి పంపే వీలు ఉంది.

ఇక రేడియో ఫ్రీక్వెన్సీ. ఒకే మోడల్ 433, 868, 915 మెగాహెర్ట్జ్ రకాలుగా వస్తుంది. మీ దేశంలో ఏది అనుమతి ఉందో అదే కొనండి. వేరే దేశం నుంచి తెప్పించుకుంటే పొరపాటు జరిగేది ఇక్కడే. పెట్టె మీద రాసిన దూరం మైదానంలో కొలిచినది, మధ్యలో కాంక్రీటు గోడలు ఉంటే అందులో కొంతే దక్కుతుంది. బిగించే ముందే సెన్సర్ చేత్తో పట్టుకుని ఆ చోట నిలబడి, లోపల కన్సోల్‌కి (అంకెలు చూపే తెర) అందుతోందా అని చూడండి.

7. చేసుకోవాలని తేలితే

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకి వెదర్ స్టేషన్ సంగతి తెలియదు గానీ, తెలిస్తే అదీ కలిపేవారు. ఒకేసారి అన్నీ కట్టకండి. ఉష్ణోగ్రతతో మొదలుపెట్టి, అది నెల రోజులు సజావుగా నడిచాకే వాన, ఆ తర్వాతే గాలి.

బోర్డునీ సెన్సర్‌నీ ఒకే పెట్టెలో పెట్టకండి. నేను పెట్టాను. మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే ఎండ వల్లనేమో అని నెల రోజులు గూడు మారుస్తూ కూర్చున్నాను. రాత్రిపూట కూడా అదే తేడా ఉందని గమనించాక గానీ వెలగలేదు, వేడి బోర్డుది. సెన్సర్‌ని గూట్లో విడిగా పెట్టి వైరుతో కలపండి. ఈ సెన్సర్లు బోర్డుతో మాట్లాడే ఐ2సీ వైరు మీటరులోపే ఉంచండి. అంతకన్నా దూరమైతే డీఎస్18బీ20 అనే సెన్సర్ వాడండి, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ మరవకుండా. అది ఉష్ణోగ్రత ఒక్కటే చెబుతుంది, తేమ చెప్పదు.

పెట్టెకి పైన గానీ పక్కన గానీ రంధ్రం వద్దు, వైర్లన్నీ కిందనుంచే రావాలి. లోపలికి వెళ్లే ముందు ప్రతి వైరూ కిందికి ఒక వంపు తిరగాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. అడుగున ఒక చిన్న రంధ్రం వదలండి. పూర్తిగా మూసిన పెట్టెలో రాత్రి చెమ్మ పట్టి పొద్దున బోర్డు మీద నీళ్లు నిలుస్తాయి. సీలెంట్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోకండి. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది, తేమ సెన్సర్‌నీ చెడగొడుతుంది. న్యూట్రల్ రకం అడగండి.

త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు గూడు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తుంటారు. 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, మండుటెండలో వంకర్లు పోతుంది. ఏఎస్‌ఏ గానీ పీఈటీజీ గానీ, ఆ రకాల ప్లాస్టిక్ వాడండి.

రెయిన్ గేజ్ స్విచ్ ఒకసారి మూసుకుంటే బోర్డుకి రెండు మూడుసార్లు మూసుకున్నట్టు కనిపిస్తుంది. ఒక వాలు లెక్కించాక 200 మిల్లీసెకన్ల పాటు వచ్చేవన్నీ వదిలేయమని ప్రోగ్రాంలో రాయండి. ఇదే అంకె గాలికి పెట్టారో, మునిగిపోతారు. పైన చెప్పిన కిట్‌తో గంటకి 100 కి.మీ. గాలిలో స్విచ్ సెకనుకి దాదాపు 42 సార్లు మూసుకుంటుంది, అంటే 24 మిల్లీసెకన్లకొకసారి. గాలికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు చాలు.

గాలి దిశ సగటు కూడా చాలామంది తప్పు కడతారు. ఒకసారి 350 డిగ్రీలు, ఇంకోసారి 10 డిగ్రీలు వస్తే రెండూ కూడి రెండుతో భాగిస్తే 180, అంటే దక్షిణం. నిజానికి గాలి ఉత్తరం నుంచి వస్తోంది. సైన్, కొసైన్ విడిగా కూడి కోణం తీయాలి. దిశ చెప్పే వోల్టేజీ చదవడానికి ఈఎస్‌పీ32లో 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులే వాడండి. రెండో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు పనిచేయవు.

బ్యాటరీ: లిథియం అయాన్ సెల్‌ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, మండే ఎండలో పెట్టెలో ఉడికించకూడదు. నీడలో విడిగా పెట్టండి. రక్షణ సర్క్యూట్ లేని సెల్ జోలికి పోవద్దు.

8. మధ్యదారి

చాలామందికి నేను చెప్పేది ఇదే. రెడీమేడ్ బయటి సెట్టు కొనండి, లోపలి వైపు మీరు చేసుకోండి. 433 మెగాహెర్ట్జ్ మీద పంపే చాలా సెన్సర్ల మాటని ఒక చవకైన యూఎస్‌బీ రేడియో డాంగిల్‌తో, ఆర్‌టీఎల్ 433 అనే ఉచిత ప్రోగ్రాంతో మీ కంప్యూటరే వినగలదు. బయట యంత్రం వాళ్లది, లెక్కలు మీవి. కొనే ముందు ఆ మోడల్ పేరు ప్రోగ్రాం జాబితాలో ఉందో లేదో చూడండి.

లేదా దీన్ని తిరగేయండి: గాలి, వాన కిట్ కొని, బోర్డు, దాని పెట్టె మీరు చేసుకోండి. 4వ మెట్టు సరదాగా అనిపించినవాళ్లకి ఇది బాగుంటుంది.

9. ఏ దారైనా ఫలితాలు సరిచూడండి

కొన్నదైతే పరీక్ష అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు.

ఉష్ణోగ్రత: మబ్బు పట్టి, కాస్త గాలి ఉన్న రోజున దగ్గర్లోని అధికారిక కేంద్రంతో పోల్చండి. అలాంటి రోజున తేడా ఉంటే సెన్సర్‌దో, చోటుదో. మబ్బు రోజు సరిపోయి, గాలి ఆడని ఎండ మధ్యాహ్నం మాత్రమే ఎక్కువ చూపిస్తే తప్పు గూడుది. నీళ్లు దూరని ప్రోబ్ అయితే చితక్కొట్టిన ఐసు, కొంచెం నీళ్లు కలిపి అందులో ముంచండి, కలుపుతూ ఉంటే 0 దగ్గర నిలవాలి. తేమ సెన్సర్‌ని మాత్రం ముంచకండి.

తేమ: బాటిల్ మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేయండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. మూతని, సెన్సర్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఒకదానికొకటి తగలకుండా చూసి, 12 గంటలు వదిలేయండి. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే 75 శాతం చూపాలి. 72 వచ్చినా 78 వచ్చినా చవక సెన్సర్‌కి మంచి మార్కులే.

పీడనం: దగ్గర్లోని విమానాశ్రయం ప్రకటించే సముద్రమట్టపు పీడనంతో అదే గంటలో పోల్చండి. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆ అంకె కలిపేస్తే సరి. రోజుకో రకంగా ఉంటే సెన్సర్ మార్చండి.

వాన: గరాటు వ్యాసం కొలవండి. 20 సెం.మీ. అయితే వైశాల్యం 314 చదరపు సెం.మీ., 10 మి.మీ. వాన అంటే 314 మి.లీ. నీళ్లు. ఆ నీటిని అడుగున సన్నటి రంధ్రం పెట్టిన సీసాలో పోసి, గంటసేపు చుక్కలుగా పడనివ్వండి. ఒక వాలు 0.2 మి.మీ. అయితే 50 వాలులు రావాలి. 48 నుంచి 52 వరకు వస్తే వదిలేయండి. 44 వస్తే ముందు అది సమతలంగా ఉందా చూడండి, స్క్రూలు ఆ తర్వాతే తిప్పండి. నీళ్లు ధారగా పోసి "తక్కువ చూపిస్తోంది" అనేవాళ్లే ఎక్కువ. దోనె వాలేలోపు పడిన నీళ్లు లెక్కకి రావు మరి. కుండపోతలో నిజం వానకి కూడా కొంత ఇలాగే తగ్గుతుంది. అందుకే పక్కన ఒక మామూలు గీతల రెయిన్ గేజ్ కూడా పెట్టుకోండి.

గాలి: పోలిక ఆశలు తగ్గించుకోండి. చదునైన గడ్డినేల మీద కూడా 2 మీటర్ల ఎత్తున గాలి, 10 మీటర్ల ఎత్తున వీచేదానిలో సుమారు ముప్పావు వంతే. ఇళ్ల మధ్య ఇంకా తక్కువ. దిశ మాత్రం సరిచూడొచ్చు: గాలి సూచిని చేత్తో ఉత్తరానికి తిప్పి పట్టుకోండి, తెరమీద 0 గానీ 360 గానీ రావాలి. తర్వాత తూర్పు, దక్షిణం, పడమర. ఉత్తరం బదులు దక్షిణం, తూర్పు బదులు పడమర వస్తే బాణం తలకి తోకకి తికమక పడ్డారన్నమాట. గాలి ఎటు నుంచి వస్తోందో అదే దిశ.

10. వానలేని రోజు వాన, వాన రోజు సున్నా

ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు ఈ రెండే. ఎండగా ఉన్నా ఈదురుగాలికి వాన నమోదవుతుంటే రెయిన్ గేజ్, గాలి కప్పులు ఒకే స్తంభం మీద ఉన్నాయేమో చూడండి. స్తంభం ఊగితే దోనె కూడా వాలుతుంది. రెయిన్ గేజ్‌ని వేరే గట్టి దిమ్మ మీదికి మార్చండి. వాన పడుతున్నా సున్నా చూపిస్తుంటే గరాటు తీసి చూడండి. ఆకు అడ్డం పడి ఉంటుంది, పిట్ట రెట్ట అయినా కావచ్చు, లేదా సాలీడు దోనెకి గూడు అల్లి కట్టేసి ఉంటుంది. నా దాంట్లో ఒక రాత్రంతా వాన కొట్టినా ఒక్క వాలు కూడా పడలేదు. పొద్దున్నే తీసి చూస్తే అంగుళం సాలెగూడు దోనెని కదలకుండా పట్టుకుని ఉంది.

నెలకొకసారి గరాటు తుడవండి, మెత్తటి బ్రష్‌తో దోనె కడగండి, ఆ రోజు తేదీ నోటుబుక్కులో రాయండి. తుడిచేటప్పుడు పడిన వాలులు రికార్డులోంచి తీసేయడం మరవకండి. లేకపోతే ఏడాది చివర మొత్తం కూడితే, మీరు పోసిన నీళ్లు కూడా వానే అయిపోతాయి.